ఆయాసం ఉన్నవాళ్లు ఇంట్లోనే, వీడియో కాల్‌లో వ్యాయామం ఎలా చేయాలి

"కూర్చుంటే బాగానే ఉంటుందమ్మా, లేస్తేనే దమ్ము."

నేను ఫిజియోథెరపిస్టుని. ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు వ్యాయామం నేర్పడం నా పని. మొదటి కాల్‌లో నాకు ఎక్కువగా వినబడే మాట ఇదే. మాట నిజమే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చుండిపోతే జబ్బు చేసే నష్టానికి ఇంకో నష్టం తోడవుతుంది. నడక తగ్గినకొద్దీ తొడల్లో, పిక్కల్లో కండ కరుగుతుంది. బలం తగ్గిన కండ అదే పనికి ఎక్కువ గాలి అడుగుతుంది. అలా నిరుడు వీధి చివరిదాకా వెళ్లిన మనిషి ఈ ఏడు గేటు దగ్గరే ఆగిపోతాడు. ఆ తర్వాత మంచం నుంచి బాత్రూంకి వెళ్లడమే ఓ ప్రయాణం అవుతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. వ్యాయామంతో ఊపిరితిత్తులు మళ్లీ కొత్తవి కావు. స్పైరోమెట్రీలో గొట్టంలోకి ఊదితే వచ్చే అంకె దాదాపు అలాగే ఉంటుంది. మారేది కాళ్లు. అవి బలపడితే అదే దూరానికి తక్కువ గాలి అడుగుతాయి, ఆయాసం తగ్గుతుంది. అందుకే బీడీలు, చుట్టలు కాల్చి సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి సరిగ్గా బయటికి పోని జబ్బు) తెచ్చుకున్నవాళ్లకీ, జన్మలో పొగ తాగకుండా నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని అదే జబ్బు పడిన ఆడవాళ్లకీ, టీబీ తగ్గినా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లకీ, బ్రాంకియెక్టాసిస్ (గాలి గొట్టాలు వెడల్పై కఫం పేరుకునే జబ్బు), ఐఎల్‌డీ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకీ ఇది పనికొస్తుంది.

దీన్ని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. మామూలుగా ఆసుపత్రిలో వారానికి రెండుమూడు సార్లు చొప్పున, ఆరు నుంచి ఎనిమిది వారాలు చేయిస్తారు. శ్రీకాకుళంలో ఉన్న మనిషి వారానికి మూడుసార్లు విశాఖ వెళ్లి రావాలంటే, నాలుగడుగులకే ఆగే ఆ మనిషికి బస్సెక్కడమే పెద్ద పరీక్ష. అందుకే ఫోన్. ఇంట్లో చేస్తే ఫలితం ఉంటుందా అన్న అనుమానం అందరికీ వస్తుంది. మెల్‌బోర్న్‌లో 166 మంది సీఓపీడీ రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంట్లో చేసినవాళ్ల దగ్గరికి ఫిజియో ఒకే ఒక్కసారి వెళ్లింది, తర్వాత వారానికొకటి చొప్పున ఏడు ఫోన్ కాల్స్, అంతే. ఎనిమిది వారాల తర్వాత నడకలో వాళ్లు ఆసుపత్రికి వెళ్లి చేసినవాళ్లకు ఏమీ తీసిపోలేదు. 2021లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 15 అధ్యయనాల్ని, 1,904 మందిని కలిపి చూసినా తేలింది దాదాపు ఇదే.

ముందు డాక్టరు సరే అనాలి

నేరుగా నడక మొదలుపెట్టకండి. ఊపిరితిత్తుల డాక్టరు ఒకసారి చూసి, గుండె సంగతి కూడా తేల్చాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, విశ్రాంతిగా ఉన్నా ఛాతీనొప్పి వచ్చేవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, దగ్గితే రక్తం పడుతున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టకూడదు. డాక్టరుని మూడు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి: వ్యాయామంలో నా ఆక్సిజన్ ఎంత వరకు తగ్గితే ఫర్వాలేదు? వ్యాయామానికి ముందు ఇన్‌హేలర్ పీల్చాలా, పీలిస్తే ఏది? ఆక్సిజన్ మిషన్ వాడేవాళ్లయితే, నడిచేటప్పుడు ఎన్ని లీటర్లు పెట్టుకోవాలి?

డాక్టరుని కలవడానికీ దూరం అడ్డయితే, మందులూ జాగ్రత్తల సలహా వరకు ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉంది. అయితే మొదటిసారి గుండె పరీక్ష, ఛాతీ పరీక్ష మాత్రం ఎదురుగా వెళ్లి చేయించుకోవాల్సిందే.

జబ్బు ఎక్కువై ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లు "ఇంకా కోలుకోలేదు, ఆర్నెల్లయ్యాక చూద్దాం" అంటారు. అలా వాయిదా వేయకండి. డాక్టరు ఒప్పుకుంటే, ఇంటికొచ్చిన నాలుగు వారాల్లోపే మొదలుపెట్టడం మంచిది. ఆసుపత్రి మంచం మీద కండ చాలా త్వరగా కరుగుతుంది, ఆలస్యం చేసినకొద్దీ దాన్ని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

గది, కుర్చీ, ఫోన్

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. నాకైతే సగం పని ఇక్కడే ఉంది. తెరమీద మీ ముఖం ఒక్కటే కనబడితే నేను చేయగలిగింది తక్కువ. మీ భుజాలు ఎలా లేస్తున్నాయో, మోకాళ్లు వణుకుతున్నాయో, పాదాలు వాచాయో, అన్నీ కనబడాలి.

కుర్చీ చేతులు లేనిదై, గోడకు ఆనించి ఉండాలి. కూర్చునే పలక నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, లేచేటప్పుడు వెనక్కి జారుతుంది. ఫోన్‌ని కుర్చీకి ఎనిమిది అడుగుల దూరంలో, స్టూలు మీద, బియ్యం డబ్బాకో పప్పు డబ్బాకో ఆనించి అడ్డంగా నిలబెట్టండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి. కిటికీ మీ వెనక ఉంటే నాకు నల్లటి నీడ తప్ప ఏమీ కనబడదు. పెదాల రంగు చూడాల్సిన పని అది, నీడలో ఎలా చూడను?

నేలమీద చాపలు, పట్టాలు తీసేయండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవో బూట్లో వేసుకోండి. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి, చీలమండలు కనబడాలి. నీళ్లు, ఇన్‌హేలర్, ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న మిషన్), నోట్‌బుక్ చెయ్యి చాస్తే అందేలా పెట్టుకోండి. ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా చూసుకోండి. ముఖానికి, బుగ్గలకు గాలి తగిలితే ఆయాసం అన్న భావన నిజంగానే తగ్గుతుంది. కరెంటు పోతే విసనకర్ర ఉంది కదా.

అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట ఆ గదిలో వెలిగించకండి. ఆక్సిజన్ వాడేవాళ్ల ఇంట్లో ఇది ఇంకా గట్టి మాట: దీపం, పొయ్యి, బీడీ, ఏ నిప్పూ ఆక్సిజన్ దగ్గరికి రాకూడదు. నడిచేటప్పుడు ఆక్సిజన్ గొట్టం కాళ్లకు చుట్టుకుంటుంది, పక్కన ఒకరు పట్టుకుని వెంట రావాలి.

ఇంట్లో ఇంకో మనిషి ఉండటం, ముఖ్యంగా మొదటి రెండు వారాలు, నేను పట్టుబట్టే విషయం. ప్రతి కాల్ మొదట్లో మీరు ఏ ఊళ్లో, ఏ ఇంట్లో ఉన్నారో అడుగుతాను. "నిన్న చెప్పాం కదమ్మా" అని విసుక్కోకండి. మధ్యలో మీకు ఏదైనా అయితే 108కి చెప్పాల్సిన చిరునామా నా దగ్గర ఉండాలి. నిన్న మీ ఇంట్లో ఉన్నవాళ్లు ఇవాళ కూతురింట్లో ఉండొచ్చు.

కాల్ తెగిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. మా ఒప్పందం ఇది: తెర ఆగిపోయిన క్షణమే మీరు చేస్తున్నది ఆపి కుర్చీలో కూర్చోండి. నేను మామూలు ఫోన్ చేస్తాను. మీరు ఎత్తకపోతే ఇంట్లోవాళ్ల రెండో నంబరుకి చేస్తాను. సిగ్నల్ వచ్చేదాకా ఒంటరిగా నడుస్తూ ఉండకండి.

ఆక్సీమీటర్ చదవడం

కోవిడ్ రోజుల్లో కొన్నది చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ముందు బ్యాటరీ మార్చండి. గోళ్లరంగు, గోరింటాకు లేని వేలికి పెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. పెట్టగానే కనబడే అంకె రాసుకోవద్దు, అర నిమిషం ఆగి, కదలకుండా నిలిచిన అంకె రాయండి. మనలాంటి ముదురు చర్మానికి ఇది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కాబట్టి అంచున ఉన్న అంకెని చూసి ధైర్యపడకండి.

ఇది ఎప్పుడూ కొంచెం వెనకబడి చెబుతుంది. మీరు నడక ఆపిన అర నిమిషానికి అసలు తక్కువ అంకె కనబడొచ్చు. అందుకే ఆగిన వెంటనే వేలు తీసేయకండి, ఒక నిమిషం చూడండి. మీ డాక్టరు వేరే అంకె చెప్పకపోతే 88 శాతాన్ని గీతగా పెట్టుకోండి: అంతకంటే తగ్గితే ఆగాలి, కూర్చుని ఉండగానే అంతకంటే తక్కువ ఉంటే ఆ రోజు మొదలుపెట్టకూడదు. ఐఎల్‌డీ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకు పెద్దగా ఆయాసం తెలియకుండానే అంకె జారిపోతుంది. అదే మిషన్ చూపించే నాడి అంకె విషయంలో, బీపీకో గుండెకో వాడే కొన్ని మాత్రలు నాడిని పెరగనివ్వవు, కాబట్టి దాన్నిబట్టి ఎంత శ్రమ పడుతున్నారో కొలవలేం.

ఆయాసానికి మార్కులు వేయడం

తెరమీద ఒక పెద్దాయన నడుస్తుంటారు. భుజాలు చెవులదాకా లేచాయి, నోరు తెరుచుకుంది. "ఎలా ఉంది బాబాయిగారూ?" అంటాను. "బాగానే ఉందమ్మా!" అంటారు. మన పెద్దవాళ్ల మర్యాద అది, ఎదుటివాళ్లని కంగారు పెట్టకూడదని. ఈ పనిలో ఆ మర్యాద ప్రమాదం. అందుకే నేను "ఎలా ఉంది" అని అడగడం మానేసి, "ఎన్ని మార్కులు?" అని అడుగుతున్నాను.

సున్నా అంటే ఆయాసమే లేదు. పది అంటే ఇక భరించలేను. మూడు దగ్గర మీరు మాట్లాడగలరు, కానీ వాక్యం మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. ఐదు దగ్గర రెండుమూడు మాటలకే ఆగాలి. ఏడు దగ్గర తలూపడమే, మాట రాదు. వ్యాయామం జరగాల్సింది మూడు, నాలుగు మధ్య. ఒకటి దగ్గర తిరిగితే కండకి పని తగలదు, లాభం లేదు. ఆరు దాటితే మర్నాడు లేవలేరు, ఆ భయంతో మానేస్తారు.

ఆయాసం వస్తే ఊపిరితిత్తి ఇంకా పాడవుతుందేమో అన్న భయం చాలామందిలో ఉంది. మూడు, నాలుగు మార్కుల ఆయాసం ఏదీ పాడుచేయదు. అది కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే ఆయాసం. ఇది నమ్మడానికి రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

ఊదడం నేర్చుకోండి

సీఓపీడీలో బాధ గాలి లోపలికి రాకపోవడం కంటే, లోపలి పాత గాలి బయటికి పోకపోవడం. పాతది పోకపోతే కొత్తదానికి చోటెక్కడ? ముక్కుతో రెండు లెక్కపెట్టేంత సేపు పీల్చండి. పెదాలు సున్నాలా చుట్టి, నాలుగు లెక్కపెట్టేంత సేపు మెల్లగా వదలండి. ఎదురుగా దీపం ఉందని ఊహించుకోండి, అది రెపరెపలాడాలి గానీ ఆరకూడదు, అంత మెల్లగా. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకు ఇంకా తేలిగ్గా చెబుతాను: ఊదుడు గొట్టం పెదాల మధ్య ఉన్నట్టే, కానీ మంట లేపడానికి కాదు, బూడిద లేవకుండా. ఆ గొట్టంతో పొగ మింగిన అమ్మలకే ఇది అందరికంటే ముందు వస్తుంది.

ఎప్పుడూ కష్టమైన కదలికలో వదలండి. లేచేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బయటికి. చాలామంది బిగబట్టి లేస్తారు, అందుకే లేచాక రొప్పుతారు. ఆయాసం ఎక్కువైతే కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి ఊదండి. నిలబడి ఉంటే కిటికీ గట్టు మీద చేతులు ఆనించండి.

మొదటి రోజు కొలత

ఇంట్లో కొలవడానికి కుర్చీ పరీక్ష చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతాం. మధ్యలో ఆగొచ్చు. ముందూ వెనకా ఆక్సిజన్, మార్కులు రాస్తాం. ఎనిమిది వారాల తర్వాత మూడుసార్లు ఎక్కువ లేవగలిగితే అది నిజమైన మార్పే. ఇది తేలికైన పరీక్ష కాదు, ఫిజియో చూస్తుండగానే చేయండి.

దాంతోపాటు, మీకు ఏం కావాలో ఒక వాక్యంలో రాయండి. "ఆరోగ్యం బాగుపడాలి" అని కాదు. "ఆగకుండా రైతుబజారుకి వెళ్లి రావాలి", "స్నానం చేశాక మంచం మీద వాలిపోకుండా ఉండాలి", "మనవడి పెళ్లిలో మెట్లెక్కి అక్షింతలు వేయాలి". ఏ కండ మీద ఎక్కువ పనిచేయాలో ఆ వాక్యమే నాకు చెబుతుంది.

ఒక రోజు వ్యాయామం

తిన్న గంటన్నర తర్వాత చేయండి. పొద్దున లేవగానే వద్దు, రాత్రి చేరిన కఫం బయటికి వచ్చేదాకా ఆగండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకండి. డాక్టరు రాసి ఉంటే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పది పదిహేను నిమిషాల ముందు పీల్చండి. ఎలా పీలుస్తున్నారో కెమెరా ముందు ఒకసారి చూపించండి, తప్పు పీల్చేవాళ్లు చాలామంది.

ఐదు నిమిషాలు కూర్చునే కాళ్లూ చేతులూ కదపండి, భుజాలు తిప్పండి. తర్వాత నడక.

ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేసి ఉంటే లెక్క సులువు. మీరు 300 మీటర్లు నడిచారనుకోండి, నిమిషానికి 50 మీటర్లు. అందులో 80 శాతం, అంటే నిమిషానికి 40 మీటర్ల వేగంతో మొదలుపెట్టాలి. వరండా పొడవు పది మీటర్లయితే నిమిషానికి నాలుగు సార్లు ఈ చివర నుంచి ఆ చివరికి. హాలు చిన్నదై అడుగడుక్కీ మలుపు తిరగాల్సి వస్తే ఈ లెక్క కుదరదు, మార్కుల్నే నమ్ముకోండి.

వరసగా నడవలేనివాళ్లు రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా ఐదుసార్లు చేయండి. ఆగడం ఓటమి కాదు. వారం వారం విశ్రాంతి తగ్గిస్తూ, నడక పెంచుతూ, మొత్తం ఇరవై, ముప్పై నిమిషాలకు చేరాలి. ముందు సేపు పెంచండి, తర్వాతే వేగం.

నడక తర్వాత బలం కోసం చేసేవి వారంలో రెండుమూడు రోజులు చాలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకు చేతులు ఆనించి తోయడం, ఒక్క మెట్టు ఎక్కి దిగడం. ఒక్కోటి ఎనిమిదిసార్లతో మొదలు, పన్నెండు తేలికయ్యాక ఇంకో విడత. బరువులు కొనక్కర్లేదు. అరలీటరు నీళ్ల సీసా అరకిలో.

చేతుల గురించి మాత్రం విడిగా చెప్పాలి. జడ వేసుకుంటే, తీగ మీద బట్టలు ఆరేస్తే ఎందుకంత ఆయాసం అని ఆడవాళ్లు అడుగుతారు. ఈ జబ్బులో మెడ, భుజాల కండలు కూడా ఊపిరికి సాయం పడుతుంటాయి. చేతులు పైకెత్తగానే ఆ సాయం పోతుంది. అందుకే సీసా ఒక్కో చేత్తో ఎత్తండి, ఎత్తుతూ ఊదండి. భుజం ఎత్తు దాకా మొదలుపెట్టి, వారాలు గడిచాక తలపైకి. బట్టలారేసే పని అప్పుడు మళ్లీ మీ చేతిలోకి వస్తుంది.

చివర్లో ఐదు నిమిషాలు మెల్లగా తిరిగి, కూర్చుని, మార్కులు మొదట్లో ఉన్న అంకెకు వచ్చేదాకా కాల్ పెట్టేయకండి.

ఎప్పుడు ఆగాలి

ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం, చల్లటి చెమటలు పట్టడం, గుండె అదుపు తప్పి కొట్టుకోవడం, పెదాలు నీలంగా మారడం: వీటిలో ఏది కనబడినా ఆ రోజుకి వ్యాయామం అయిపోయింది. కూర్చోండి, ఊదండి, చెప్పండి. కూర్చున్న పది నిమిషాలకీ ఆయాసం దిగకపోయినా, అంకె మీ గీత దాటి పైకి రాకపోయినా, మాట తడబడినా 108. ఛాతీనొప్పి అయితే ఆ పది నిమిషాలు కూడా చూడొద్దు. ఆక్సిజన్ లీటర్లు మీ అంతట మీరు పెంచుకోకండి. కొందరు సీఓపీడీ రోగులకు ఎక్కువ ఆక్సిజన్ కూడా కీడు చేస్తుంది.

కఫం రంగు మారి పచ్చగా, చిక్కగా వస్తున్నా, జ్వరం ఉన్నా, రెండు రోజులుగా ఆయాసం మామూలుకంటే ఎక్కువగా ఉన్నా, అది వ్యాయామం చేసే రోజు కాదు, డాక్టరుకి ఫోన్ చేసే రోజు. తగ్గాక మళ్లీ ఆగిన చోటు నుంచి కాకుండా, సగం నుంచి మొదలుపెట్టండి.

వాతావరణమూ చూసుకోవాలి. భోగి నాటి పొగ, దీపావళి రాత్రి మర్నాడు, చలికాలం పొద్దుటి మంచు, మే నెల మధ్యాహ్నం: ఆ రోజుల్లో నడక బయట వద్దు, తలుపులేసి హాల్లోనే.

నోట్‌బుక్, ఆ తర్వాత

ప్రతిరోజూ ఒక్క గీత: తేదీ, ఎన్ని నిమిషాలు, మొదట ఆక్సిజన్, అన్నిటికంటే తగ్గిన ఆక్సిజన్, ఎన్ని మార్కులు. కాల్ లేని రోజుల్లో కూడా నడక ఉండాలి, రాత కూడా. నేను వారానికోసారి ఆ పేజీని ఫోటోగా చూస్తాను. మార్కులు రెండుకి దిగి వారంపాటు అక్కడే ఉంటే ఐదు నిమిషాలు పెంచుతాను. నాలుగో వారంలో చాలామంది నీరసపడతారు, మొదటి ఉత్సాహం తగ్గుతుంది, ఫలితం ఇంకా చేతికందదు. అప్పుడు మొదటి వారం పేజీ తీసి చూడమంటాను.

ఎనిమిది వారాల తర్వాత కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, మీరు రాసిన వాక్యం దగ్గరికి వెళ్తాం. ఆపేస్తే ఆర్నెల్లు, ఏడాదిలో వచ్చిన లాభం కరిగిపోతుంది. కాబట్టి చివరి కాల్‌లో తొమ్మిదో వారం సంగతి తేల్చుకోకుండా ఫోన్ పెట్టనివ్వను: ఏ రోజుల్లో, ఏ టైముకి, ఎవరితో నడుస్తారు, పేజీ ఎవరికి చూపిస్తారు. ఈ నాలుగూ అదే నోట్‌బుక్ వెనక అట్ట మీద, మీ చేత్తోనే రాయించుకుంటాను.